రెండు బారల చలి

ఎండలు ముదిరాయంటే శేషారత్నం రోజుకు నాలుగుసార్లు కుర్చీ మార్చేది. పొద్దున కాఫీ కాగానే ఉత్తరపు వరండాలో, వేలాడగట్టిన కుండీల కింద కూర్చునేది. పదింటికి లేచి, ప్లాస్టిక్ కుర్చీ చేత్తో పట్టుకుని, పడకగది కిటికీ కిందున్న మడి దగ్గరికి వెళ్లేది. భోజనం చేశాక ప్రహరీగోడ వారనున్న పొడుగు మడి. నాలుగింటికి కొమ్మలు గుచ్చిన ఇసక మూకుళ్ల దగ్గర. దీపాలు పెట్టే వేళకి మళ్లీ వరండా. చేతిలో చిన్న కత్తెర, ఒళ్లో పాత సత్తు గిన్నె.

ఆమె ఎక్కడ కూర్చుంటే అక్కడ, చుట్టూ రెండు బారల మేర చలిగా ఉండేది. ఫ్యాను గాలిలా పైపైన తగిలి పోయేది కాదు, కొండల మీద తెల్లవారుజామున ఉంటుందే, ఆ చలి. ఆ రెండు బారల లోపల ఫ్యూషియాలు, కొండ చలికి పూసే పూలమొక్కలు, బతికేవి. అవతల ఎండ ఎండే. మడి చివర ఒక మొక్క సగం లోపల, సగం బయట ఉండేది. లోపలి సగం పూలతో వేలాడుతుంటే బయటి సగం ఆకులు చుట్టుకుపోయి వక్కపొడిలా రాలేది. అందుకే ఆమె వంతులవారీగా కుర్చీ మార్చేది. ఎవరికీ ఎక్కువ తక్కువలు కాకుండా అన్నం వడ్డించినట్టు, అన్ని మొక్కలకూ కాస్త కాస్త చలి పంచేది.

ఇంట్లోవాళ్లూ ఇరుగుపొరుగువాళ్లూ దానికి ఏనాడో అలవాటుపడ్డారు. పనిమనిషి కొత్తిమీర కట్టలూ పాల ప్యాకెట్లూ ఆమె కుర్చీ పక్కన పెట్టి తన పనికి తాను పోయేది. ఆమె వంటింట్లో ఉంటే దోసెల పిండి పులవదనీ పెరుగు తోడుకోదనీ అత్తగారు అమ్మాజీ సాయంత్రం దాటితే కోడల్ని వంటింటి గడప తొక్కనిచ్చేది కాదు. మే నెలలో కరెంటు పోతే పక్కింటి డాక్టరుగారి ఆడపిల్లలిద్దరూ ఎంసెట్ పుస్తకాలతో వచ్చి, స్వెట్టర్లు తొడుక్కుని, ఆమె కాళ్ల దగ్గర చాప పరుచుకుని చదువుకునేవాళ్లు. పెద్దదానికి మెడిసిన్‌లో సీటు వచ్చినప్పుడు వాళ్లమ్మ స్వీటు డబ్బా తెచ్చి శేషారత్నం చేతిలో పెట్టింది. శేషారత్నం ఒకటి తిని, బాగుందని చెప్పింది. బాగుందో లేదో ఆమెకు తెలియలేదు. అలా అనడం మర్యాద కాబట్టి అంది.

ఆ చలి ఆమెకు మాత్రం తగిలేది కాదు. చలీ తెలిసేది కాదు, వేడీ తెలిసేది కాదు.

ఆమె భర్త సత్యనారాయణమూర్తి సినిమా కంపెనీలో ప్రొడక్షన్ మేనేజరుగా ఉండేవాడు. తెనాలి నుంచి మద్రాసు, మద్రాసు నుంచి హైదరాబాదు. జూబ్లీ హిల్స్ అంటే ఇంకా బండరాళ్లూ సీతాఫలం పొదలూ తప్ప ఏమీ లేని రోజుల్లో అక్కడ స్థలం కొని, ఇంటి నడుమ అడ్డొచ్చిన ఒక బండను పగలగొట్టలేక దాని పక్కనుంచే గోడ కట్టించాడు. పిల్లలు లేరు. ఎనభై ఏడు నవంబరులో ఊటీలో షూటింగు పెట్టుకున్నారు. నాలుగో రోజున అతను కూర్చున్న కారు కూనూరు దిగువన, ఘాట్ రోడ్డు మలుపులో, పొగమంచులో లోయలోకి జారింది.

నిర్మాత చలపతిరావు కారు పంపితే శేషారత్నం వెళ్లింది. అక్కడి ఆసుపత్రి వరండాలో నూలు చీరతో నాలుగు గంటలు నిలబడింది. ఎవరో శాలువా ఇవ్వబోతే వద్దంది. చివరికి ఒక గుమాస్తా వచ్చి వాచీ, పర్సు, కళ్లజోడు అప్పగించి, ఆ వెనకే కిరసనాయిలు డబ్బాలో నాటిన జానెడు మొక్కను తెచ్చి బల్ల మీద పెట్టాడు. అది కూడా కారులోదేనట. కారు నుగ్గయింది గానీ మొక్కకు ఒక్క ఆకు కూడా విరగలేదు. మూడు పూలున్నాయి. పై రేకులు ఎర్రగా వెనక్కి విచ్చుకుని, లోపల వంగపండు రంగులో గంట, గంట నాలుకల్లా కిందికి వేలాడే సన్నటి కేసరాలు.

ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని కారెక్కింది. ముందు వ్యాన్లో మూర్తి, వెనక కారులో ఆమె. కొండ దిగాక చలి పోవాలి. పోలేదు. బెంగుళూరు దాటినా పోలేదు. కర్నూలు దగ్గర, మిట్టమధ్యాహ్నం, డ్రైవరు అద్దాలు ఎత్తి, వెనక సీటు మీదున్న తువ్వాలు తీసి మెడకు చుట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక అమ్మాజీ కొడుకు మీద పడి ఏడ్చింది. వీధి వీధంతా ఏడ్చింది. శేషారత్నానికి ఏడుపు రాలేదు. బాధ లేదని కాదు. పక్కింట్లో ఎవరో రోట్లో రుబ్బుతుంటే ఇక్కడికి వినిపించినట్టు, అది ఎక్కడో ఉన్నట్టు తెలిసేది, అంతే. లేచి వెళ్లి మొక్కకు నీళ్లు పోసింది.

నీళ్లు ఎక్కువ పోసింది. పదో రోజుకల్లా ఆకులు పసుపుపచ్చబడ్డాయి. అప్పుడే బోరబండ నుంచి బాలనర్సయ్య వచ్చాడు. ఆ వీధిలో ఐదారిళ్లకు తోటపని అతనే చేసేవాడు. యాభై దాటిన మనిషి. తలకు తెల్ల రుమాలు, చెవికి సగం కాల్చిన బీడీ. మొక్కను డబ్బాలోంచి తీసి, వేర్లు వాసన చూసి, తల ఊపాడు.

"నీళ్లు ఎక్కువైనయమ్మా. ఏర్లు కుళ్లుతున్నయ్. గీ డబ్బకు కింద బొక్క కూడ లేదు. ఏం చెట్టు ఇది?"

"ఫ్యూషియా అని రాసుంది డబ్బా మీద."

"జుంకాల లెక్కున్నయ్ పూలు," అన్నాడతను. అప్పటి నుంచి అతనికి అది జుంకాల చెట్టే.

ఇంత చలి అడిగే చెట్టు హైదరాబాదులో నిలవదని అతనికి ఒక్క చూపులో తెలిసింది. చుట్టూ చూశాడు. శేషారత్నం కూర్చున్న చోటు చూశాడు. తన మోచేతుల మీద నిక్కబొడుచుకున్న వెంట్రుకలు చూసుకున్నాడు. "మీరు జర ఇటు కూసోండ్రి," అని కుర్చీని మొక్క పక్కకు జరిపాడు. అంతే, ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

పని మాత్రం వివరంగా నేర్పాడు. కుళ్లిన ఆకులమట్టి రెండు పాళ్లు, ఎర్రమట్టి ఒక పాలు, ఇసక ఒక పాలు. కుండీ అడుగున చిల్లపెంకులు. నీళ్లు పోసేముందు మట్టిలో వేలు పెట్టి చూడాలన్నాడు. శేషారత్నం వేలికి తడి చల్లదనం తెలియదు. అందుకని వేలు పైకి తీసి, దానికి మట్టి అంటుకుందా లేదా అని చూసేది. అంటుకుంటే పోయదు, అంటకపోతే పోస్తుంది. పదిహేను రోజులకోసారి వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు, పలచగా. ఆకుల అడుగున ఎర్రనల్లి పురుగు చేరిందేమో రోజూ తిప్పి చూడాలి.

"చిగుర్లు గిల్లాలె," అన్నాడు ఒకరోజు. "గిల్లకుంటే ఒక్క పుల్ల నిలువుగ పోతది. గిల్లితే రెండైతయి. ఆ రెండు గిల్లితే నాలుగు. ఆఖరుకు గంపంత అయినంక ఇడిసిపెట్టాలె, అప్పుడు పూస్తది. పాపం అనుకుంటే చెట్లు పెంచలేమమ్మా."

ఆమెకు పాపం అనిపించలేదు. అసలేమీ అనిపించలేదు. అందుకే ఆ పని ఆమెకు బాగా అబ్బింది. గిల్లిన చిగుళ్లు ఇసకలో గుచ్చి, పైన గాజు గ్లాసు బోర్లించి, తన కుర్చీ పక్కన పెట్టుకునేది. మూడు వారాల్లో వేళ్లూనేవి. ఒకటి ఐదయింది, ఐదు ముప్పయ్యాయి. అయిదేళ్లలో వరండా నిండా కుండీలు, రెండు మడుల నిండా పొదలు. రాలిన పూల వెనక కాయలు ముదరనిస్తే చెట్టు పూయడం మానేస్తుందని, నల్లద్రాక్షల్లాంటి ఆ కాయల్ని రోజూ తుంచి సత్తు గిన్నెలో వేసేది. పారేయడం ఎందుకని అమ్మాజీ వాటిని పచ్చిమిరపకాయలతో నూరి పచ్చడి చేసింది. పులుపూ తీపీ కాని ఏదో రుచి. ఇంటికి ఎవరొచ్చినా విస్తట్లో ఒక మూల అది ఉండేది.

అమ్మాజీకి డెబ్బై దాటాయి. వేసవి కాలం కోడలి గదిలోనే కంబళి కప్పుకుని పడుకునేది. తనకు ఏడవడం వచ్చు కాబట్టి ఏడ్చి, ఏడ్చి, మూడో ఏటికి ఒక గట్టున పడింది. కోడలు ఏ గట్టునా లేదని ఆమెకు తెలుసు.

"రత్నం," అంది ఒకసారి, ఒత్తులు చేసుకుంటూ. "వాణ్ణి నేను కన్నాను. నా కడుపు రగిలింది, ఆరింది. నీకు రగల్లేదు. నీ మీద కోపం వచ్చేది మొదట్లో."

"ఇప్పుడు లేదా అత్తయ్యా?"

"ఇప్పుడు భయంగా ఉంది."

శేషారత్నం కత్తెర తీసుకుని, ఎండిన పూరేకులు కత్తిరిస్తూ కూర్చుంది.

చలపతిరావు ఏటా రెండు మూడుసార్లు చూసిపోయేవాడు. భారీ మనిషి, తెల్ల లాల్చీ. మూర్తికి పదిహేనేళ్ల స్నేహితుడు. వచ్చినప్పుడల్లా వరండా అంచున కూర్చుని, మొక్కల్ని చూస్తూ మాట్లాడేవాడు తప్ప ఆమె ముఖం చూసేవాడు కాదు. అతను అటు చూస్తున్నాడా ఇటు చూస్తున్నాడా అన్నది ఆమె పట్టించుకోలేదు.

తొంభై మూడు మేలో ఒక ఆదివారం వచ్చి, కాఫీ సగం తాగి, గొంతు సవరించుకున్నాడు.

"చెల్లెమ్మా, ఒక సాయం కావాలి. కొండల్లో పాట ఒకటుంది. అంత దూరం పోవడానికి హీరోయిన్‌కి డేట్లు లేవు. ఫిలింనగర్‌లో స్టూడియో ఫ్లోరు తీసుకుని ఊటీ సెట్టు వేయిస్తున్నాను. కొండ, రాళ్లు, మంచు అన్నీ అవుతాయి. పూలే కావడం లేదు. ప్లాస్టిక్‌వి పెడితే క్లోజప్‌లో దొరికిపోతాం."

"ఎన్ని కుండీలు కావాలి అన్నయ్యగారూ?"

"నలభై." కాఫీ కప్పు కింద పెట్టాడు. "లైట్ల వేడికి అవి పావుగంట కూడా ఆగవు. నువ్వు కూడా వచ్చి పక్కన కూర్చుంటే... రెండు రోజులే."

అమ్మాజీ తలుపు దగ్గర నిలబడి వింటోంది. "ఊటీ అనే మాట ఈ ఇంట్లో అనడానికి నీకు నోరెలా వచ్చింది చలపతీ," అంది. గొంతు పెంచలేదు.

చలపతిరావు తల దించుకున్నాడు. శేషారత్నం ఇద్దర్నీ చూసింది. వెళ్లడానికి కారణం ఏదీ కనిపించలేదు. మానడానికీ కనిపించలేదు.

"వస్తాను," అంది.

బాలనర్సయ్య కూడా ఒప్పుకోలేదు. "పూసిన కుండీలను కదిలియ్యద్దమ్మా. మొగ్గలు రాలుస్తయి. తావు మారిస్తే గీ చెట్టుకు బుగులు, భయపడ్తది." ఆమె మాటిచ్చానంది. అతను గొణుక్కుంటూనే కుండీలన్నిటికీ గడ్డి చుట్టి, ఒక్కొక్కటే వ్యానులోకి ఎక్కించాడు.

ఫ్లోరులో కొండ నిజంగానే ఉంది. గోనెగుడ్డ మీద ప్లాస్టరు పోసి, ఆకుపచ్చ రంగు కొట్టి, పైన పచ్చగడ్డి పలకలు పరిచారు. దాని వెనక గుడ్డ మీద నీలి ఆకాశం. కుండీలన్నీ గడ్డిలో దూర్చి, మధ్యలో ఒక అట్టరాయి నిలబెట్టి, దాని చాటున శేషారత్నానికి కుర్చీ వేశారు. లైట్లు వెలిగాయి. పైన కడ్డీల మీదున్న లైట్‌మన్లు చెమటతో తడిసిపోతుంటే కింద కొండ మీద హీరోయిన్ జాకెట్టు చేతులు రుద్దుకుంది. డ్యాన్సర్లు షాటు షాటుకీ మధ్య అట్టరాయి దగ్గరికి వచ్చి నిలబడి వెళ్లేవాళ్లు.

"అమ్మా, కొంగు ఫ్రేములోకి వస్తోందండీ, కాస్త లోపలికి పెట్టుకోండి," అన్నాడు అసిస్టెంటు డైరెక్టరు.

ఆమె కొంగు సర్దుకుంది. ఊటీ ఇలాగే ఉంటుందా అని గుర్తు చేసుకోబోయింది. ఆసుపత్రి వరండా తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు.

రెండో రోజు పొద్దుటికి బాలనర్సయ్య చెప్పినంతా అయింది. సగం కుండీల్లో మొగ్గలన్నీ గడ్డిలోకి రాలి ఉన్నాయి. చలపతిరావు ఇంటికి కబురు పెట్టాడు. ఇంకో పదిహేను కుండీలు వెంటనే కావాలి. వ్యాను డ్యాన్సర్ల కోసం పోయింది. పన్నెండు గంటల ఎండలో, బాలనర్సయ్య తోపుడు బండి మీద కుండీలు పేర్చుకుని, జూబ్లీ హిల్స్ నుంచి ఫిలింనగర్‌కి రాళ్ల మధ్య ఎత్తుపల్లాల రోడ్డున తోసుకుంటూ బయల్దేరాడు. పూలు వాడకుండా గోనె సంచులు తడిపి కప్పాడు. అవి ఆరిపోతే తాగడానికి తెచ్చుకున్న సీసా నీళ్లు వాటి మీద పోశాడు. అవీ అయిపోతే తన తల రుమాలు విప్పి, చివరి కుండీ మీద కప్పాడు. పదిహేను కుండీలూ ఫ్లోరు తలుపు దాకా చేర్చి, బండి పిడి వదిలి, అక్కడే కూలిపోయాడు.

లోపల షాటు నడుస్తోంది. తలుపు తెరుచుకుని తెల్లటి వెలుగు లోపల పడింది. ఆ వెలుగులో నలుగురు వంగి ఉండడం శేషారత్నం రాయి చాటు నుంచి చూసింది.

"ఏమైంది?" అంది పక్కనున్న లైట్‌మన్‌ని.

"మాలి పడిపోయిండమ్మా. ఎండదెబ్బ."

ఆమె లేచింది. ఎందుకు లేచిందో ఆమెకు ఆ క్షణాన తెలియదు, కాళ్లు లేచాయి. చలపతిరావు గబగబా అడ్డం వచ్చాడు.

"చెల్లెమ్మా, ఒక్క అరగంట. వాడి దగ్గర మనుషులున్నారు, ఏం కాదు. నువ్వు లేస్తే పూలు పోతాయి. ఈ ఒక్క షాటు అయిపోనీ, అందరం వెళదాం."

ఆమె అతని ముఖంలోకి చూసింది. ఆరేళ్లలో అంత దగ్గరగా చూడడం అదే. కెమెరా తిరుగుతుండగానే కొండ మీదుగా నడిచి, హీరో హీరోయిన్ల మధ్య నుంచి దాటి, తలుపు వైపు వెళ్లింది. ఆమె వెనక కుండీలు ఒకటొకటే తలలు వేలేశాయి.

బాలనర్సయ్య ఒళ్లు పెనంలా కాలుతోంది. చుక్క చెమట లేదు. కళ్లు తెరిచి ఉన్నాయి గానీ చూడడం లేదు. ఎవరో అరికాళ్లకు ఉల్లిపాయ రుద్దుతున్నారు. శేషారత్నం నేల మీద చతికిలబడి, అతని తల ఒళ్లోకి తీసుకుని, రెండు చేతులూ అతని చెంపల మీద వేసింది.

డ్యాన్సర్లను దింపిన వ్యాను అప్పుడే వచ్చింది. అతన్ని అందులో పడుకోబెట్టి ఎర్రగడ్డలో ఒక ఆసుపత్రి దాకా తీసుకెళ్లారు. దారంతా ఆమె చేతులు తీయలేదు. ఆసుపత్రిలో డాక్టరు నాడి చూసి, "ఐసులో పెట్టి తెచ్చారా? మంచి పని చేశారు," అని సెలైను ఎక్కించి, "మీరు అలాగే కూర్చోండమ్మా," అన్నాడు. ఆ వార్డులో ఎండదెబ్బ తగిలినవాళ్లు ఇంకో ముగ్గురున్నారు. వాళ్ల మంచాలను కూడా ఆమె దగ్గరికి జరిపించాడు.

రెండు గంటలకు చలి రెండు బారల నుంచి ఒక బారకు తగ్గింది. చివరి మంచం మీది ముసలాయన దుప్పటి తీసేశాడు. మూడు గంటలకు మూరెడయింది. బాలనర్సయ్య భార్య బోరబండ నుంచి పరుగెత్తుకొచ్చి, అతని పాదాలు పట్టుకుని కూర్చుంది. నాలుగు దాటాక అతని నుదుటి మీద సన్నగా చెమట పట్టింది. శేషారత్నం దాన్ని కొంగుతో తుడిచింది. మళ్లీ పట్టింది. తుడుస్తుంటే తన వేళ్లు కూడా తడిగా ఉన్నాయని తెలిసింది. ఈసారి వేళ్ల వైపు చూడకుండానే తెలిసింది. ఆ వెనకే వీపుకు గోడ వేడి తగిలింది. మెడ మీద, మోకాళ్ల వెనక, జడ కింద, అన్నిచోట్లా ఒక్కసారిగా మే నెల వచ్చి పడింది. ఊపిరి ఆడక ఆమె మంచం పట్టె గట్టిగా పట్టుకుంది.

బాలనర్సయ్య కళ్లు కదిలించాడు. "అమ్మా, కుండీలు లోపట పెట్టిండ్రా?"

"పెట్టారు," అంది శేషారత్నం. అది అబద్ధం.

ఆ తర్వాత చెట్లు పోయాయి. వేలాడే కుండీలు నాలుగు రోజులు ఆగాయి, కిటికీ కింది మడి వారం. శేషారత్నం ఊరుకోలేదు. గోనెపట్టలతో పందిరి వేయించింది, రోజుకు మూడుసార్లు ఆకుల మీద నీళ్లు చల్లింది, మడుల్లో గడ్డి పరిచింది. ఎర్రనల్లి రెండు రాత్రుల్లో అన్నిటినీ కమ్మేసింది. పదిహేను రోజులకు బాలనర్సయ్య మెల్లగా నడుచుకుంటూ వచ్చి, ఒక్కో కాండాన్నీ గోటితో గీకి చూశాడు. ఎక్కడా పచ్చదనం లేదు. కిరసనాయిలు డబ్బాలోంచి కుండీలోకి మార్చిన ఆ మొదటి చెట్టు దగ్గర మాత్రం చాలాసేపు కూర్చున్నాడు.

"నా పాణానికి ఇన్ని చెట్లు పోయినయ్," అన్నాడు.

"చెట్లకు నువ్వు నీళ్లు పోశావు, నీకు లేకుండా," అంది శేషారత్నం. "ఇంకెప్పుడూ అలా చేయకు." అంటుంటే ఆమెకు కోపం వచ్చింది. కోపం ఇలా ఉంటుందా అనుకుంది. లోపలికి వెళ్లి అతనికి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఉప్పు ఎక్కువైందో తక్కువైందో ముందు తను నాలుక మీద వేసుకుని చూసి మరీ ఇచ్చింది.

"కూలరు కొనాలి," అంది అమ్మాజీ, అంతే. మర్నాడు దోసెల పిండి కోడలి చేతే రుబ్బించింది.

జూన్ మొదటివారంలో చలపతిరావు వచ్చాడు. వరండా ఖాళీగా ఉంది. వట్టి తీగలు వేలాడుతున్నాయి. కూర్చున్న రెండు నిమిషాలకే లాల్చీ తడిసి వీపుకు అంటుకుంది. చూడడానికి మొక్కలు లేవు. నేల చూశాడు, గోడ చూశాడు.

"పాట మళ్లీ తీశాం," అన్నాడు. "ప్లాస్టిక్ పూలతోనే. ఎవరికీ తెలియలేదు. బాలనర్సయ్య సంగతి... నేను తప్పు చేశాను చెల్లెమ్మా."

శేషారత్నం ఎదురుగా మెట్టు మీద కూర్చుంది. ముఖమంతా చెమట. ఎడం చేత్తో తుడుచుకుంది.

"అన్నయ్యగారూ, ఆ రోజు మీరు నాతో ఒక మాట అన్నారు. ఒక్క అరగంట అని. అది విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. ఆయన కారెక్కిన రోజు పొద్దున మీరు ఆయన దగ్గరే ఉన్నారు. ఆరేళ్లుగా నేను మిమ్మల్ని ఒక్క మాట అడగలేదు. అడగాలని తోచలేదు. పొగమంచులో ఆయన ఎందుకు బయల్దేరారు?"

చలపతిరావు పెద్ద చేతులు మోకాళ్ల మీద పడి ఉన్నాయి.

"మంచు విడిచాక వెళతానన్నాడు," అన్నాడు చివరికి. "తొమ్మిదింటికల్లా విడుస్తుంది, అప్పుడు పోతానన్నాడు. కోయంబత్తూరు స్టేషనుకి ఫిలిం డబ్బాలు వచ్చి ఉన్నాయి. అవి లేకపోతే మధ్యాహ్నం షూటింగు ఆగిపోతుంది. నేనే తొందరపెట్టాను. ఏం కాదు, పోయిరా అన్నాను."

పక్కింట్లో ఎవరో రుబ్బుతున్నట్టుండే ఆ చప్పుడు ఇప్పుడు ఈ ఇంట్లోనే, శేషారత్నం పక్కటెముకల లోపల ఉంది. ఆమె ఏడ్చింది. అందంగా ఏడవలేదు. ముక్కు కారింది, వెక్కిళ్లొచ్చాయి, మెట్టు అంచు పట్టుకుని ముందుకు వంగిపోయింది. అమ్మాజీ లోపలి నుంచి వచ్చి, కోడలి పక్కనే మెట్టు మీద కూర్చుని, వీపు మీద చెయ్యేసి, చలపతిరావు వైపు చూసింది. వినాల్సినదంతా ఆమె తలుపు వెనక నుంచే విన్నది.

చలపతిరావు లేవబోయాడు. "నేను వెళతాను. ఇక ఈ గడప తొక్కను. నువ్వు ఏమన్నా పడతాను."

"కూర్చోండి," అంది శేషారత్నం. ఆమె కళ్లలో కోపం ఉంది. అది దాచుకునే ప్రయత్నం కూడా చేయలేదు. "వెళ్లిపోతే మీకు తేలికవుతుంది. ఆయన ఆఖరి నాలుగు రోజులు మీ దగ్గరున్నాయి, మా దగ్గర లేవు. ఆయన ఏం తిన్నారు, ఎవరితో ఏం మాట్లాడారు, నవ్వారా, నన్ను తలుచుకున్నారా, ఆ మొక్క ఎక్కడ కొన్నారు. అన్నీ చెప్పి వెళ్లండి. మొదటి నుంచీ చెప్పండి."

చలపతిరావు మళ్లీ కూర్చున్నాడు. రెండు చేతుల్తోనూ ముఖం తుడుచుకున్నాడు. అమ్మాజీ అతని ముందుకు మంచినీళ్ల చెంబు జరిపింది. అతను తాగి, చెంబు కింద పెట్టి, తొలిసారి శేషారత్నం ముఖంలోకి సూటిగా చూశాడు.

"రైలు దిగగానే మూర్తి చేసిన మొదటి పని మంకీ క్యాపు కొనుక్కోవడం," అన్నాడు. "చిన్నపిల్లల సైజు ఇచ్చాడు కొట్టువాడు. అది తలకు పట్టలేదు..."